ఇంట్లో ఘాటు వాసన: ఏ లక్షణానికి ఏది కారణం, వెంటనే ఏం చేయాలి

ఘాటుగా ఉంటేనే మంచి సరుకని చాలామంది నమ్మకం. ఫినాయిల్ కొన్నా, యాసిడ్ కొన్నా మూత తీసి వాసన చూస్తాం. కానీ వాసన ఎంతుందన్నది లెక్క కాదు. ఏది దేంతో కలిసింది, ఏ అర్రలో పెట్టాం అన్నది చూడాలి. పైగా కాసేపయ్యాక వాసన తెలియకపోతే అది పోయినట్టు కాదు, ముక్కు దానికి అలవాటు పడి ఉండొచ్చు.

బాత్రూం కడుగుతుంటే కళ్లు మంట, ఆగని దగ్గు

మన దిక్కు బోరు నీళ్లకు టైల్స్ మీద, నల్లాల మీద తెల్లపొర కడుతుంది. నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ అంటారు గానీ ఈ పొర దానిది కాదు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు గట్టిపడి ఇట్లా అవుతుంది. రుద్దితే పోదు కాబట్టి యాసిడ్ పోస్తారు. దానికీ పోకపోతే, పంచాయతీవాళ్లు మోరీల వెంట చల్లే బ్లీచింగ్ పౌడర్‌నే తెచ్చి పైన చల్లుతారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. అది గాలి కంటే బరువు కాబట్టి కిందనే నిలుస్తుంది. వెంటిలేటరేమో పైన ఉంటుంది, కూర్చొని రుద్దే మనిషి ముఖమేమో గ్యాస్‌లో ఉంటుంది.

చేయాల్సింది: బకెట్, బ్రష్ అక్కడే వదిలేసి, తలుపు తెరిచి బయటికి రావాలి. నీళ్లు కొట్టి వద్దామని మళ్లీ లోపలికి పోవద్దు. యాసిడ్, బ్లీచింగ్ పడ్డ బట్టలు విప్పి, కళ్లను కనీసం 15 నిమిషాలు పారే నీళ్లతో కడగాలి. పడుకోకుండా కూర్చోవాలి. పాలు, మజ్జిగ తాగితే ఊపిరితిత్తుల మంట తగ్గదు. ఆయాసం, పిల్లికూతలు, ఛాతీ నొప్పి ఉంటే 108కి ఫోన్ చేయండి. అప్పటికి తగ్గినట్టే ఉండి, కొన్ని గంటల తర్వాత రాత్రిపూట ఆయాసం మొదలయ్యే ప్రమాదం ఉంది. గ్యాస్ గట్టిగా పీల్చినవాళ్లను ఒక రోజు ఒంటరిగా వదలొద్దు.

బ్లీచింగ్ కలపకున్నా గొంతు మండుతోంది

కింద చూడండి, తాండూరు బండలేనా? అవి సున్నపురాయి. యాసిడ్ పడగానే బుస్సుమని తెల్లగా పొంగుతుంది. మురికి వదులుతోందని మనం సంబరపడతాం గానీ అక్కడ కరిగేది బండే. బుడగలు పగిలినప్పుడల్లా సన్నటి యాసిడ్ తుంపర లేచి గొంతుకు తగులుతుంది. ఆరాక ఆ చోట బండ గరుకై, రెట్టింపు మురికి పడుతుంది. తాండూరు బండలకు యాసిడ్ వద్దు, నిమ్మ ఉప్పూ వద్దు. సబ్బునీళ్లు, గట్టి బ్రష్ చాలు. టైల్స్ మీది పొరకైతే లీటరు వేడినీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, ఆ నీళ్లలో తడిపిన బట్టను అరగంట కప్పి ఉంచి రుద్దండి. ఇదీ ఒక రకం యాసిడే, ఆ రోజు బ్లీచింగ్ ముట్టొద్దు.

బియ్యం బస్తాల అర్రలో వెల్లుల్లి వాసన, వాంతులు, ఛాతీ బిగుసుకుపోవడం

పురుగు పట్టకుండా పెట్టిన బిళ్లల పని ఇది. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లకు గాలిలోని తేమ తగిలినా ఫాస్ఫిన్ గ్యాస్ వస్తుంది. కుళ్లిన చేపల్లాగానూ వాసన రావచ్చు, అసలు రాకపోవచ్చు కూడా. దీనికి విరుగుడు మందు లేదు. మిర్యాలగూడ మిల్లుల గోదాముల్లో పని తెలిసినవాళ్లు వాడే సరుకును మనుషులు పడుకునే ఇంట్లో పెట్టడం నా లెక్కలో ముమ్మాటికీ తప్పు. అందరినీ బయటికి తీసుకురండి, 108కి చెప్పండి. బిళ్ల మీద నీళ్లు పోయొద్దు, గ్యాస్ ఇంకా ఎక్కువవుతుంది. బస్తా కోసం మళ్లీ లోపలికి పోవద్దు.

పసిబిడ్డ కళ్లు పచ్చబడటం, మూత్రం డికాషన్ రంగులో రావడం

తొట్టెల నాడు బీరువాలోంచి తీసిన పాత చీరలో బిడ్డను చుట్టారేమో గుర్తు తెచ్చుకోండి. కలరా ఉండల్లోని నాఫ్తలిన్, జి6పిడి అనే ఎంజైమ్ తక్కువున్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఆ లోపం బయటికి కనిపించదు. అదే రోజు దవాఖానకు తీసుకుపోయి, ఉండల సంగతి డాక్టరుకు మీరే చెప్పండి, ఆయన అడగకపోవచ్చు. బీరువా బట్టలేవైనా ఉతికి, ఎండలో ఆరేశాకే బిడ్డకు వాడాలి.

పత్తికి మందు కొట్టి వచ్చాక విపరీతమైన చెమటలు, నోట్లో నీళ్లూరడం, చూపు మసకబారడం

ఎండదెబ్బ అనుకుని పడుకోబెట్టకండి. మందు ఒంటికి పట్టింది. అంగీ విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగి, మందు డబ్బాతో సహా దవాఖానకు పోవాలి. కడిగేవాళ్లు చేతులకు గ్లౌజులు వేసుకోవాలి. ఆ అంగీని ఇంట్లో కొక్కేనికి తగిలించొద్దు, మిగతా బట్టలతో కలిపి నానబెట్టొద్దు.

పిల్లాడు కూల్‌డ్రింక్ సీసాలోని కిరోసిన్, థిన్నర్ లేదా యాసిడ్ తాగాడు

వాంతి చేయించొద్దు. కిరోసిన్, థిన్నర్ అయితే కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. యాసిడ్ అయితే గొంతును రెండోసారి కాలుస్తుంది. ఉప్పునీళ్లు తాగించొద్దు, గొంతులో వేలు పెట్టొద్దు. 108కి ఫోన్ చేసి, మిగిలిన సీసాను మూత బిగించి వెంట తీసుకుపోండి.