చెల్లాచెదురు అక్షరాలలో చిన్న మాటలను వెతికే పద్ధతి

కలగాపులగంగా ఇచ్చిన అక్షరాలతో గడువులోగా మాటలు కూర్చే ఆటలో, ఆ అక్షరాలను చూడగానే అన్నిటినీ కలుపుకొని ఒకే పెద్ద మాటను పట్టుకోవాలని చాలామంది ప్రయత్నిస్తారు. అది దొరికేలోపు గడువు ముగుస్తుంది, చేతికి అందవలసిన చిన్న మాటలు కూడా జారిపోతాయి. వెతుకులాట రెండక్షరాల మాటలతో మొదలుపెట్టి, మూడక్షరాలకు, ఆపైన పెద్ద మాటలకు సాగడమే మేలు. వేర్వేరు అయిదు అక్షరాలు ఇచ్చి, ఒక్కోదాన్ని ఒకేసారి వాడమన్నారనుకుంటే, వాటితో రెండక్షరాల కూర్పులు 20, మూడక్షరాలవి 60, నాలుగక్షరాలవి 120, అయిదక్షరాలవి మళ్ళీ 120 వస్తాయి. ఇరవై కూర్పులను ఒక్కటీ వదలకుండా పరీక్షించడం ఎవరికైనా సాధ్యమే, నూట ఇరవైని పరీక్షించడానికి మాత్రం ఓపిక చాలదు.

ఆట మొదలు కాకముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. అక్షరం అంటే గుణింతంతోనూ ఒత్తుతోనూ కలిసిన నిండు అక్షరమా, లేక హల్లును, గుణింతపు గుర్తును విడదీసి వాడుకోవచ్చా? నిండు అక్షరాన్ని కదపకూడదన్నది నియమమైతే, ‘ము’ ఇచ్చినప్పుడు ‘మ’ను గానీ, ‘కలము’కు బదులు ‘కలం’ను గానీ రాయడం చెల్లదు. నా దృష్టిలో తెలుగుకు ఈ కట్టుబాటే సహజమైనది, ఎందుకంటే ప్రతి అక్షరాన్నీ విడిగా పలకగలం కాబట్టి కూర్పులను కళ్ళతో కాక చెవితో పరీక్షించవచ్చు. ఈ వ్యాసంలోని ఉదాహరణలన్నీ ఆ నియమానికి లోబడినవే. ఒకసారి ఇచ్చిన అక్షరాన్ని ఒకే మాటలో రెండుసార్లు వాడకూడదన్నది మరో నియమం. తెలిసినవారు కూడా తడబడేది ఇక్కడే, ‘క’, ‘ల’ కనబడగానే ‘కలకలము’ అని రాసేస్తారు.

ఇక అసలు పద్ధతికి వస్తే, ముందుగా ఏ అక్షరానికి ఏ చోటు తగదో చూడాలి. అ, ఆ, ఇ వంటి విడి అచ్చులు దాదాపు ఎప్పుడూ మాట మొదటనే వస్తాయి. క్క, ట్ట, ల్ల వంటి ద్విత్వాక్షరాలతో మాట మొదలు కాదు. ణ, ళ లు కూడా మొదట రావు. న్, ర్ వంటి పొల్లు అక్షరం ఉంటే అది చాలావరకు చివరికే చేరుతుంది, ముందు మాత్రం నిలవదు. సంయుక్తాక్షరాలన్నిటినీ ఒకే గాట కట్టకూడదు, ప్ర, స్వ, క్ర వంటివి మాటకు ముందు నిక్షేపంగా వస్తాయి.

ఈ జల్లెడ ఎంత పని చేస్తుందో అ, ల, క, ట్ట అనే నాలుగు అక్షరాలతో చూద్దాం. రెండక్షరాల కూర్పులు మొత్తం 12. ‘అ’ రెండో చోట రాకూడదు, ‘ట్ట’ మొదటి చోట రాకూడదు అన్న రెండు షరతులు పెట్టగానే మిగిలేవి ఏడే: అల, అక, అట్ట, లక, లట్ట, కల, కట్ట. వీటిలో అల, అట్ట, కల, కట్ట అనేవి అందరికీ తెలిసిన మాటలు. మూడక్షరాలకు వెళితే, ‘అల’ పక్కన ‘క’ చేరి ‘అలక’ అవుతుంది.

మొదటి చోటు తరువాత చివరి చోటు గురించి ఆలోచించాలి. ము, డు, లు, వు వంటి అక్షరాలు ఉంటే వాటిని ముందుగా చివర పెట్టి చూడాలి, తెలుగు నామవాచకాలలో ఎన్నో వీటితోనే ముగుస్తాయి. ఇది ఒక మొగ్గు మాత్రమే, శాసనం కాదు, ‘ముక్క’లో ‘ము’ మొదటే ఉంది, ‘సముద్రము’లో నడుమ కూడా ఉంది. అయినా వెతకడం ఆ కొస నుంచి మొదలుపెడితే ఫలితం త్వరగా కనిపిస్తుంది.

క, ల, వ, ర, ము అనే అక్షరాలను తీసుకోండి. ‘ము’ను చివర నిలిపితే దాని ముందు రెండక్షరాలు 12 విధాలుగా అమరుతాయి. ‘క’ మొదట పెట్టి వరుసగా ల, వ, ర లను మార్చి చదవాలి, తరువాత ‘ల’ మొదట పెట్టాలి, ఇలా నాలుగింటికీ వంతు రావాలి. అప్పుడు కలము, కరము, లవము, వరము, రకము, రవము బయటపడతాయి. పన్నెండింటిలో ఆరు మాటలు దొరకడమంటే, సగం పంట చేతికి వచ్చినట్టే. లవము అంటే లేశమని, రవము అంటే ధ్వని అని గుర్తుకు రాకపోతే అవి రెండూ కళ్ళ ముందే ఉండి తప్పించుకుంటాయి, అందుకే వరుస తప్పకుండా పైకి చదవమనడం. ‘ము’ను పక్కన పెట్టి మిగిలిన నాలుగింటితో ఆడితే కల, వల, కవల వస్తాయి.

దొరికిన చిన్న మాటలను కొట్టివేయకుండా పక్కన రాసి ఉంచుకోవాలి, పెద్ద మాటకు అవే మెట్లు. ‘కల’ వాడిన తరువాత మిగిలేవి వ, ర, ము. వాటితో ‘వరము’ ఉంది, ‘రవము’ ఉంది. మొదటిదాన్ని చేరిస్తే ‘కలవరము’, రెండోదాన్ని చేరిస్తే పక్షుల కూతలను చెప్పే ‘కలరవము’. అయిదక్షరాలూ వాడిన మాటలు రెండు, నూట ఇరవై కూర్పుల జోలికి వెళ్ళకుండానే వచ్చాయి.

అక్షరాలను కాగితం మీద వరుసగా రాసుకుంటే, కన్ను ఆ వరుసనే పదేపదే చదువుతుంది. గుండ్రంగా రాయడం, లేదా చిన్న చీటీల మీద రాసి చేత్తో కదపడం మంచిది. ఒకే అక్షరం రెండుసార్లు ఇచ్చి ఉంటే రెండు చీటీలు చేయాలి, అప్పుడు ఎక్కువసార్లు వాడే ప్రమాదం దానంతట అదే తొలగుతుంది.

కంప్యూటరు సాయంతో మాటలను వెతికించేవారు ఒక చిక్కును గుర్తుంచుకోవాలి. కంప్యూటరు అక్షరాలను సంకేతాలుగా దాచుకునే పద్ధతి అయిన యూనికోడ్‌లో ‘కట్ట’ రెండు అక్షరాలుగా కాక క, ట, పొల్లు గుర్తు, ట అనే నాలుగు సంకేతాలుగా నిలవ ఉంటుంది. ప్రోగ్రామును సంకేతాల లెక్కన నడిపితే అది ఒత్తులను, గుణింతాలను ఊడదీసి అర్థం లేని కూర్పులను ఇస్తుంది. కాబట్టి ముందుగా ప్రతి మాటనూ నిండు అక్షరాలుగా విడగొట్టించి, ఆ తరువాత నిఘంటువులోని మాటకు కావలసిన ప్రతి అక్షరమూ ఇచ్చిన గుంపులో తగినన్ని సార్లు ఉందో లేదో సరిచూపించాలి.

ఏ మాట చెల్లుతుందనే తగవు ఆట చివర రాకుండా, ఏ నిఘంటువు ప్రమాణమో, బహువచనాలను, విభక్తి చేరిన రూపాలను, క్రియారూపాలను లెక్కలోకి తీసుకోవాలో వద్దో ముందే ఒప్పుకోవాలి. బహువచనాలకు అనుమతి ఉంటే, ‘లు’ ఉన్న గుంపులో దొరికిన ప్రతి నామవాచకానికీ దాన్ని చేర్చి చూడటం మరిచిపోవద్దు.