చంద్రుడి లెక్కన పెరడు – నాలుగో పాఠం: పసుపు పాతే రోజు, వావిలి గుచ్చే రోజు

పోయిన పాఠంలో ఒక పని అప్పజెప్పాను. పదిహేను రోజులు వరసగా, పొద్దుగూకే వేళకి పెరట్లోకి వచ్చి చంద్రుడు ఎక్కడున్నాడో పుస్తకంలో రాసుకోమన్నాను. రాసినవాళ్లకి ఈపాటికి ఒక సంగతి తెలిసుంటుంది. శుక్ల పక్షంలో సూర్యుడు అస్తమించేసరికే చంద్రుడు ఆకాశంలో ఉంటాడు. విదియ, తదియలకి పడమట, అష్టమికి నడినెత్తిన, పున్నమికి తూర్పున అప్పుడే పొడుస్తూ కనిపిస్తాడు. పున్నమి దాటాక ఆ వేళకి వెతికినా దొరకడు. రోజుకి సుమారు రెండు గడియలు, అంటే 48 నిమిషాలు, ఆలస్యంగా పొడుస్తాడు. బహుళ అష్టమి వచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది. ఈ రెండు గడియల లెక్క గుర్తుంటే, చేతిలో క్యాలెండర్ లేకపోయినా ఏ తిథి దగ్గరున్నామో ఒకటి రెండు రోజుల తేడాతో చెప్పెయ్యొచ్చు.

రాయనివాళ్లు ముందు ఆ పని చేసి రండి. ఈ పాఠం దాని మీదే నిలబడింది.

ఇవాళ్టి పని పసుపు పాతడం. దానికి రెండు లెక్కలు తెలియాలి, కార్తె ఒకటి, తిథి ఒకటి. చాలామంది ఈ రెండూ చంద్రుడివే అనుకుంటారు. కాదు. కార్తె సూర్యుడిది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో 13, 14 రోజులు ఉంటాడు. 27 నక్షత్రాలూ తిరిగేసరికి ఏడాది పూర్తవుతుంది. అందుకే మృగశిర కార్తె ఏటా జూన్ 8 అటూఇటూగా, ఆరుద్ర జూన్ 22 అటూఇటూగా వస్తాయి. తిథి చంద్రుడిది. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు ముందుకి జరిగితే ఒక తిథి గడిచినట్టు. పన్నెండు చాంద్రమాన నెలలు కలిపితే 354 రోజులే. ఏడాదికి 11 రోజులు తక్కువ పడుతుంది కాబట్టే మూడేళ్లకోసారి అధికమాసం వస్తుంది. ఈలోపు నెలలు ముందుకీ వెనక్కీ జరుగుతూ ఉంటాయి. 2023లో జ్యేష్ఠం మే 20న మొదలైంది, 2024లో జూన్ 7న. వాన మాత్రం జ్యేష్ఠం కోసం చూడదు. కాబట్టి వానకి కార్తెని నమ్మాలి. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి", "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" అని పెద్దలు అన్నది ఊరికే కాదు. వాన సామెతలు ఎక్కువగా కార్తెల మీదే ఉన్నాయి.

ఈ తేడా తెలియక నేను ఒక ఏడు పసుపు మడి పోగొట్టుకున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి పక్క ఊరు. ఇసుక కలిసిన ఎర్రనేల, పైన కొబ్బరి నీడ. ఆ ఏడు మృగశిర వచ్చిన మూడో రోజుకే మంచి పదును, అంటే పాతడానికి సరిపడా తడి, మట్టిలో దొరికింది. విత్తనం కొమ్ములు గోనె మీద ఆరబోసి, మడి కట్టి కూర్చున్నాను. పక్కింటి పెద్దమ్మ దడి అవతల నుంచి చూసి, "ఏటమ్మా, పున్నమి దాటకుండానే పసుపు పాతీస్తన్నావు? దుంప ఊరదే" అంది. ఆ రోజు శుద్ధ పంచమి. దుంపజాతి బహుళంలో పాతాలన్నది మా వైపు అందరి మాటా. సరే అని కొమ్ములు మళ్లీ గోనెలో కట్టేశాను. పదకొండు రోజులు ఆగేసరికి మొలకలు గోనె లోపలే సాగి, విప్పుతుంటే సగం విరిగిపోయాయి. ఇంతలో ఆరుద్ర వాన దంచేసింది. బురదలోనే పాతాను. చాలా కొమ్ములు కుళ్లాయి. ఆ పెద్దమ్మ తప్పేమీ లేదు. ఆవిడ చెప్పింది తిథి మాట, నేను చూసుకోవలసింది మట్టి.

అప్పటి నుంచి నా వరస ఇది: ముందు కార్తె, తర్వాత పదును, చివర తిథి. మొదటి రెండూ కుదిరి, రెండు మూడు రోజుల్లో బహుళం వచ్చేలా ఉంటే ఆగుతాను. వారం ఆగాల్సి వస్తే ఆగను.

పదును చూడడం చేత్తోనే నేర్చుకోవాలి. నాలుగు వేళ్ల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిసకండి. గుప్పిట విప్పితే ముద్ద నిలబడాలి, అరచేతికి తడి అంటాలి గానీ నీరు కారకూడదు. ఆ ముద్దని నడుము ఎత్తు నుంచి వదలండి. నేల మీద పడి పొడిపొడిగా విడిపోతే పదును సరిపోయింది. ముద్ద ముద్దగానే ఉండిపోతే రెండ్రోజులు ఆగాలి. అసలు ముద్దే కట్టకపోతే ఇంకా వాన పడాలి. మా ఇసుక నేలలో ముద్ద కొంచెం బలహీనంగానే కడుతుంది, అది మామూలే. నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్లలో నల్లమట్టి ఉన్నవాళ్లకి గట్టిగా కడుతుంది, వాళ్లు ఇంకొంచెం ఆరనివ్వాలి.

ఇక పాతడం. రెండు మూడు కళ్లు, అంటే మొలక వచ్చే చోట్లు, ఉన్న కొమ్ములు తీసుకోండి. మెత్తబడినవి, నల్లమచ్చ ఉన్నవి పక్కన పడేయండి. మడి, చుట్టూ ఉన్న నేల కంటే జానెడు ఎత్తుండాలి. పసుపుకి తడి కావాలి, నిలవ నీరు మాత్రం చంపేస్తుంది. బాగా చివికిన పెంట మట్టిలో కలపండి. వరసకీ వరసకీ మూరెడు, కొమ్ముకీ కొమ్ముకీ జానెడు దూరం, మూడు వేళ్ల లోతు చాలు. కన్ను పైకి ఉండేలా పెట్టి మట్టి కప్పి, మీద కొబ్బరాకో కానుగ రెమ్మలో పరచండి. మూడు వారాలు తొంగి చూడకండి. ఆ తర్వాత ఆకు కాస్త పక్కకి జరిపితే చుట్టచుట్టుకున్న లేత మొలక, సూదిమొనలా మట్టిని చీల్చుకుని కనిపిస్తుంది. చేతికి దొరికేది ఎనిమిది తొమ్మిది నెలలకి, ఆకులు పండి వాలిపోయాక. కంద కూడా ఇదే కాలంలో, ఇదే పద్ధతిలో, కాకపోతే ముక్క పెద్దది, దూరం రెండింతలు.

బహుళంలో పాతితే దుంప నిజంగా ఎక్కువ ఊరుతుందా? మూడేళ్లు రెండు మడులు వేసి తూకం వేశాను. ఒకటి శుక్లంలో, ఒకటి బహుళంలో. ఒక ఏడు ఇది ఎక్కువ, ఒక ఏడు అది ఎక్కువ, మూడో ఏడు ఇంచుమించు సమానం. చంద్రుడు సముద్రాన్ని లాగినట్టే మట్టిలో తడినీ లాగుతాడని కొందరు అంటారు. బారువ తీరంలో పోటు చూసినవాళ్లకి అది నిజమే అనిపిస్తుంది. కానీ సముద్రం వేల కిలోమీటర్లు పరుచుకుంది కాబట్టి ఆ లాగుడు పైకి కనపడుతుంది. చెరువులోనే కనపడనిది మడిలో ఏం కనపడుతుంది? పైగా పెద్ద పోటు అమావాస్యకీ వస్తుంది, పున్నమికీ వస్తుంది. దాన్ని బట్టి పక్షానికో గుణం చెప్పలేం.

మరి తిథి ఎందుకు పాటిస్తానంటే, అది నా పనిని రెండుగా పంచుతుంది. శుక్లంలో విత్తనం, నారు, అంటు. బహుళంలో దుంప, కలుపు, కొమ్మ కత్తిరింపు, పెంటకుప్ప తిరగెయ్యడం. ఏ పనీ నెల దాటి వాయిదా పడదు. మా నాన్నమ్మ పెరడు ఎప్పుడూ శుభ్రంగా ఉండేదంటే ఈ అలవాటు వల్లే. ఆ క్రమం పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

ఇక మందు మొక్క, ఈసారి వావిలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, దసరా నవరాత్రుల రెండో రోజున, తిత్లీ తుఫాను మా కొబ్బరిచెట్లు కూల్చేసింది. నీడ పోయి ఎండ కాసిన ఆ జాగాలో తర్వాత నేను దడిలా గుచ్చింది వావిలే. గెడ్డ (వాగు) గట్టు మీద దొరుకుతుంది. ఒక కాడకి ఐదు ఆకులు, ఒక్కోసారి మూడు. పైన పచ్చగా, అడుగున బూడిద తెలుపు. నలిపితే ఘాటు వాసన, పువ్వు లేత ఊదా. ఈ నాలుగు గుర్తులూ కలిస్తేనే కొయ్యండి. పెన్సిల్ మందం కొమ్మని మూరెడు పొడవు ఏటవాలుగా కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా వానాకాలంలో, శుక్లంలో గుచ్చండి.

ఆకు మంచు ఆరాక పొద్దున్నే కోసి నీడలో ఆరబెట్టాలి. మా ఇళ్లలో బాలింతకి వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం చేయిస్తారు. జలుబుకి ఆవిరి పడతారు, ఒళ్లు నొప్పులకి కాపడం పెడతారు. ఎండిన ఆకు పెసల డబ్బాలో వేస్తే పురుగు తగ్గుతుంది. అన్నీ పైపై వాడకాలే. లోపలికి తాగే కషాయాలు ఈ పాఠాల్లో చెప్పను, గర్భిణులు అసలు తాగొద్దు. మూడు రోజులు దాటిన జ్వరానికి ఆవిరి పట్టుకుంటూ కూర్చోకండి. అది మలేరియానో డెంగీనో రక్తపరీక్షలోనే తెలుస్తుంది.

ఒక ఆకు గురించి గట్టిగా చెప్పాలి. ఈశ్వరి వేరు, గాడిదగడపాకు అని పాముకాటుకీ కడుపునొప్పికీ నూరి ఇస్తుంటారు. ఆ రెండిట్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది మూత్రపిండాల్ని కోలుకోలేనంతగా పాడుచేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మాత్రల్లో ఈ జాతి మూలిక కలవడం వల్ల ఎందరో ఆడవాళ్ల కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బు చూస్తున్నాం. దాని కారణం ఇంకా పూర్తిగా తేలలేదు, ఈ ఆకే కారణమని నేను అనడం లేదు. కానీ ఇప్పటికే కష్టంలో ఉన్న ఊళ్లలో తెలిసి తెలిసి ఈ వేరు నూరకండి. పాము కరిస్తే ఒకటే దారి, ప్రభుత్వాసుపత్రి. అక్కడ యాంటీవెనమ్ ఉంటుంది.

ఈసారి పని: ఒక కాగితం మీద మృగశిర మొదలు నుంచి ఆరుద్ర చివరి దాకా తేదీలు వరసగా రాయండి. పక్కన తిథి రాసి, బహుళం రోజుల కింద గీత గీయండి. పాతిన రోజుకి సున్నా చుట్టి, ఆ పొద్దున చేతిలో మట్టి ముద్ద ఎలా విడిపోయిందో ఒక్క మాట రాయండి. మొలకలు లెక్కపెట్టాక ఆ కాగితం తీసుకుని ఐదో పాఠానికి రండి. అప్పుడు చిక్కుడు, బీర విత్తనాలు పెడదాం.