తేదీ లేని వాయిదా వేయకండి: వానాకాలం జ్వరాలకు ముందు

పోయిన వారం రాత్రి పదింటికి షట్టర్ సగం దించాక, మా షాపుకు ఏళ్ల తరబడి వచ్చే ఒకతను పరిగెత్తుకొచ్చాడు. వాళ్లమ్మగారిని ఐసీయూలో పెట్టారట, ఫలానా ఇంజెక్షన్ కావాలట. ఆవిడకు 68. షుగర్ ఉంది, కొంచెం ఉబ్బసం కూడా. మే నెలలో ఇతనే డాక్టరుగారు రాసిన చీటీ తెచ్చి ఆవిడ కోసం ఫ్లూ టీకా అడిగాడు. ఫ్రిజ్‌లోంచి తీసి కౌంటర్ మీద పెట్టాను కూడా. అప్పుడే అతని ఫోన్ మోగింది. టీకాలతో గుండెలు ఆగిపోతున్నాయని అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో రీల్ పెట్టారు. "ఉండండి బాబాయ్, కొన్నాళ్లు చూసి వేయిద్దాం" అని చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నాడు. మొన్న రాత్రి డబ్బులు తీస్తుంటే ఆ చీటీ ఇంకా అందులోనే కనిపించింది.

సూది వేయించి ఉంటే ఆవిడకు న్యుమోనియా వచ్చేదే కాదని నేననను. ఫ్లూ టీకా ఏ ఏడూ నూటికి నూరు ఆపదు. కానీ నేను నోరు తెరవకముందే అతను నా ఎదుట నిలబడి ఆ లెక్కే వేసుకుంటున్నాడు. ఆ మొహం నేను ఇదివరకు చూశాను.

విజయవాడ సూర్యారావుపేటలో మందుల షాపు నాది. డాక్టర్ని కాను. చేతులు కడుక్కోండి, నీళ్లు కాచి తాగండి, కుండీల కింద నీళ్లు పారబోయండి లాంటివి మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను. ఈ వానలకు ముందు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. టీకా విషయంలో తేదీ లేని వాయిదా వేయకండి.

ఎందుకంటే, 2021 మార్చి 1న అరవై దాటినవాళ్లకు కోవిడ్ టీకా మొదలుపెట్టారు. మా వీధిలో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. రిటైరయ్యారు, 71 ఏళ్లు, షుగర్. వాలంటీరు అమ్మాయి రెండుసార్లు ఇంటికొచ్చి అడిగి వెళ్లింది. వాళ్లబ్బాయేమో ఫోన్లో "రెండు వారాలు ఆగండి నాన్నా" అన్నాడు. మాస్టారు షాపు మెట్ల మీద కూర్చుని పేపరు మడిచి, "నువ్వేమంటావయ్యా?" అని నన్నడిగారు. "తొందరేముందిలెండి మాస్టారూ, జనం వేయించుకుంటున్నారుగా, ఒక నెల చూడండి" అన్నాను. ఏళ్లుగా టీకాలు ఫ్రిజ్‌లో పెట్టి అమ్ముతున్నవాణ్ణి, నేనన్న మాట అది.

ఏప్రిల్ 17న చెన్నైలో నటుడు వివేక్ చనిపోయారు. అంతకు రెండ్రోజుల ముందే టీకా వేయించుకున్నారాయన. మాస్టారు ఆ వార్త చూపించి "ఆగి మంచి పని చేశాం" అన్నారు. ఆ మరణానికి టీకా కారణం కాదని కేంద్ర కమిటీ తేల్చేసరికి నెలలు గడిచాయి. మాస్టారికి అంత వ్యవధి లేకపోయింది. ఏప్రిల్ ఆఖరున జ్వరం, మే మొదటి వారంలో పోయారు. మార్చిలో సూదిని తిట్టిపోసిన మా వీధివాళ్లే మే నెలలో తెల్లవారుజామున మూడింటికి టోకెన్ల కోసం చెప్పులు వరసలో పెట్టి కూర్చున్నారు. ముందు రెండో డోసు వాళ్లకేనని చెప్పి పంపేశారు.

వద్దు అని గట్టిగా అన్నవాడితో కనీసం వాదించొచ్చు. అతను డాక్టర్ని అడుగుతాడు, పోట్లాడతాడు, ఏదో ఒకటి తేలుతుంది. చూద్దాంలే అన్నవాడితో ఏం వాదిస్తాం? తానేమీ నిర్ణయించలేదనే అనుకుంటాడు. "మేం వద్దనలేదండీ, ఆగుదామన్నాం, అంతే" అని ఆ నెలలో ఎంతమంది నా కౌంటర్ ముందు ఏడ్చారో. టీకా ఒంట్లో పని మొదలెట్టడానికి రెండు వారాలు పడుతుంది. జ్వరాలు వీధి మొదట్లోకి వచ్చాక చూస్తే ఆ రెండు వారాలు ఎక్కణ్ణుంచి తెస్తారు?

ఇక, టీకా మీద ప్రశ్న వేసిన ప్రతివాణ్ణీ మూర్ఖుడనే బాపతు కాదు నేను. కోవాగ్జిన్‌కు 2021 జనవరి 3న అనుమతి ఇచ్చేనాటికి మూడో దశ ప్రయోగాల ఫలితాలు రాలేదు. అప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. ఫలితాలు తర్వాత వచ్చాయి, 77.8 శాతం పనిచేస్తుందని. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య వ్యవధి మొదట 4 నుంచి 6 వారాలన్నారు, మార్చిలో 6 నుంచి 8 అన్నారు, మే నెలలో 12 నుంచి 16 చేశారు. కౌంటర్ దగ్గర సమాధానం చెప్పలేక నా తలప్రాణం తోకకొచ్చింది. ఆ టీకాతో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే జబ్బు రావచ్చన్నదీ నిజమే. యూరప్ మందుల సంస్థ 2021 ఏప్రిల్ 7నే ఆ మాట చెప్పింది. 2024లో ఆ టీకా కంపెనీ ఆస్ట్రాజెనెకా కోర్టులో ఒప్పుకుందని మన గ్రూపులన్నీ ఊగిపోయాయి, అదేదో మూడేళ్లు దాచిపెట్టినట్టు. అందుకే నిజమైన అనుమానాన్ని డాక్టరు ముందు పెట్టండి, పర్సులో మడిచి పెట్టకండి.

వానలకు ముందు

ఇంట్లో అరవై దాటినవాళ్లు, షుగర్, ఉబ్బసం, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, గర్భిణులు ఎవరెవరున్నారో ఒక కాగితం మీద రాయండి. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా వేరువేరు. ఎవరికి ఏది కావాలో డాక్టరు చెప్పాలి. ఫ్లూ టీకా ఏటా మారుతుంది, ఏ ఏడాదిదో పెట్టె మీదే ఉంటుంది, చదివి తీసుకోండి. పోయినేటిది వద్దు.

షాపులో కొని డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లేటప్పుడు స్కూటర్ డిక్కీలో పడేయకండి. మన ఎండకు డిక్కీ పొయ్యిలా ఉంటుంది. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐస్ మీద నేరుగా పెట్టినా ప్రమాదమే, ఫ్లూ టీకా గడ్డకడితే పాడైపోతుంది. చల్లటి ప్యాక్ చుట్టూ గుడ్డ చుట్టి, డబ్బాలో పెట్టి, తిన్నగా ఆసుపత్రికి వెళ్లండి. దారిలో రైతుబజారు పనులు పెట్టుకోకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఫ్రిజ్ ఎంతసేపు ఆగిందని షాపువాణ్ణి మొహమాటం లేకుండా అడగండి. నన్నయినా సరే.

సూది రోజు

ఇదివరకు ఏ మందుకైనా, టీకాకైనా ఒళ్లు దద్దుర్లెక్కినా, మొహం వాచినా ముందే చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి. వేశాక అరగంట అక్కడే కూర్చోండి. అరుదే గానీ, తీవ్రమైన అలర్జీ వచ్చేది ఎక్కువగా ఆ అరగంటలోనే, దానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండేది కూడా అక్కడే. మర్నాడు చెయ్యి నొప్పి, కొంచెం జ్వరం మామూలే.

బాగా జ్వరంగా ఉంటే డాక్టరే వాయిదా వేస్తారు. అది సరైన వాయిదా. అప్పుడు కూడా ఏ రోజుకు రమ్మంటారని అడిగి, చీటీ మీద తేదీ రాయించుకోండి. తేదీ లేకుండా లేచి రాకండి.

ఫోన్లో వచ్చేవి

ఇక్కడ నాకు ఓపిక తక్కువ. 2021లో కర్పూరం, వాము మూట వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని మెసేజ్ తిరిగింది. రెండ్రోజుల్లో కర్పూరం దొరకలేదు, ఆక్సిజన్ మాత్రం ఎవరికీ పెరగలేదు. ఆ మే నెలలోనే నోబెల్ గ్రహీత లూక్ మోంటానియే పేరు మీద, టీకా వేసుకున్నవాళ్లంతా రెండేళ్లలో చనిపోతారని ఇంకోటి. ఆయన ఆ టీకాలను విమర్శించిన మాట నిజం. రెండేళ్ల మాట మాత్రం ఆయనది కాదు. పుకారుకు ఎప్పుడూ ఇలా ఒక నిజం కాలు ఉంటుంది, అందుకే అది నడుస్తుంది. రెండేళ్లు కాదు, ఎన్నేళ్లు గడిచాయో మీరే లెక్కపెట్టుకోండి.

మొన్నటి రీల్ సంగతి కూడా చెప్పాలి. హఠాత్తుగా చనిపోయిన 18 నుంచి 45 ఏళ్లవాళ్ల మీద భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో 47 ఆసుపత్రుల్లో పరిశీలన చేసింది. కోవిడ్ టీకాతో ఆ ముప్పు పెరగలేదని తేలింది. ముప్పు పెంచినవి వేరే ఉన్నాయి: గతంలో కోవిడ్‌తో ఆసుపత్రిపాలవడం, కుటుంబంలో అలాంటి మరణాలుండటం, ముందు 48 గంటల్లో అతిగా తాగడం, ఒళ్లు విరిగేలా కసరత్తు చేయడం. పైగా ఆ రీల్ మాట్లాడింది కోవిడ్ టీకా గురించి. మా కస్టమర్ ఆపింది ఫ్లూ టీకాని. ఒక టీకా మీద భయం పుడితే ఫ్రిజ్‌లో ఉన్న అన్ని టీకాల మీదికీ పాకుతోంది. 2025 ఫిబ్రవరిలో గుంటూరులో జీబీఎస్ (నరాలు దెబ్బతిని కాళ్లూచేతులూ చచ్చుబడే జబ్బు) కేసులు బయటపడ్డప్పుడు పిల్లలకు వేయాల్సిన సూదులు కూడా "ఇప్పుడొద్దులే" అన్న తల్లులు నాకు తెలుసు. ఆ జబ్బు ఎక్కువగా కడుపులో ఇన్ఫెక్షనో, జ్వరమో వచ్చి తగ్గాక వస్తుంది. ఆ తల్లుల్ని కూడా "ఎప్పుడు వేయిస్తావమ్మా మరి?" అంటే తేదీ లేదు.

ఇక వరసగా చెప్పేస్తాను, వినండి.

వాయిస్ మెసేజ్‌లో పేరు, ఊరు, తేదీ లేకపోతే చెరిపేయండి.

"ఎందుకైనా మంచిది" అని ఫార్వర్డ్ చేయకండి. ఎవరికి మంచిది? మీ మెసేజ్ చదివి ఆగిపోయిన ఇంటికి మీరు వెళ్లి ఆక్సిజన్ పెట్టరు కదా.

మీ అమ్మానాన్నల టీకా మీరు అమెరికా నుంచో హైదరాబాద్ నుంచో ఫోన్లో ఆపకండి. ఆపాలనే ఉంటే వాళ్ల డాక్టరుతో మాట్లాడి ఆపండి, ఎప్పటిదాకానో చెప్పి ఆపండి.

సూది వేశాక ఏదైనా తేడా చేస్తే గ్రూపులో పెట్టే ముందు వేసిన చోట చెప్పండి, ఏఎన్ఎంకి చెప్పండి. వాళ్లు రాసి పైకి పంపుతారు. రక్తం గడ్డల సంగతి బయటపడింది అలా రాసి, లెక్కపెట్టబట్టే.

టీకా వేసుకున్నామని వారం రోజుల జ్వరాన్ని ఇంట్లో దాచకండి.

ఆక్సిజన్ 94 కంటే తగ్గితే ఆసుపత్రికి. ఆయాసంగా ఉంటే అంకె చూడకుండా ఆసుపత్రికి.

చీటీ లేకుండా స్టెరాయిడ్ మాత్రలు అడక్కండి, ఇవ్వను. షుగర్ ఉన్నవాళ్లు ఇష్టమొచ్చినట్టు మింగి 2021లో బ్లాక్ ఫంగస్‌తో కళ్లు పోగొట్టుకున్నారు.

మిగిలిన యాంటీబయోటిక్ పక్కింటికి ఇవ్వకండి.

కుక్క కరిస్తే వాయిదా అన్న మాటే లేదు. కారం, సున్నం, పసరు ఏదీ పెట్టకండి. పావుగంట సబ్బుతో, పారే నీళ్లతో కడిగి, అదే రోజు వెళ్లండి. అది మీ వీధి కుక్కే అయినా, కుక్కపిల్లే అయినా. తర్వాతి సూదుల తేదీలు క్యాలెండర్ మీద రాయండి, పుండు మానింది కదా అని మధ్యలో మానకండి.

పిల్లల టీకా కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి పై అరలో ఉంచండి. వరదొస్తే ముందు పోయేది అదే.

చీటీ మడిచి పర్సులో పెట్టకండి. ఫ్రిజ్ తలుపు మీద అంటించండి, పైన తేదీ వేసి. తేదీ తెలియకపోతే ఆ సాయంత్రమే ఫోన్ చేసి అడగండి. రేపు కాదు.

వేయించమంటారా, వద్దా అని షాపుకొచ్చి నన్ను అడక్కండి. మాస్టారికి చెప్పిన సలహా ఒక్కటి చాలు నాకు. డాక్టరుగారి నంబరు చీటీ పైనే ఉంటుంది.