భాషా పరీక్షల గురించి నలుగురికీ అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

"ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 6.5 వచ్చింది" అనగానే ఎదుటివాళ్లు అడిగేది ఒక్కటే: "పాసా, ఫెయిలా?"

1. ముందు ఆ ప్రశ్నకే జవాబు చెప్పండి. ఐఈఎల్‌టీఎస్‌లో పాస్ మార్కు లేదు. 0 నుంచి 9 దాకా బ్యాండ్లు ఉంటాయి, అంతే. ఎంత కావాలో తేల్చేది స్కోరు అడిగిన యూనివర్సిటీయో వీసా ఆఫీసో. అందుకే ఒకచోట చాలిన 6.5 ఇంకోచోట చాలదు. ఈ ముక్క బుర్రకెక్కితే సగం టెన్షన్ పోతుంది.

2. స్థాయి పేరు కాదు, మనిషి ఏం చేయగలడో చెప్పండి. "బీ1" అంటే ఎవరికీ ఏమీ తట్టదు. "ప్రయాణంలో చాలావరకు నెట్టుకొస్తాడు, తనకు జరిగింది సాదాసీదాగా చెప్పగలడు" అంటే తడుతుంది. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన, ఈ బీ1 కూడా ఉన్న ఆరు స్థాయిల కొలమానం కూడా ఇలాంటి వాక్యాలతోనే ఉంటుంది.

3. లెక్క చేసి చూపించండి. వినడంలో 7.5, చదవడంలో 7, రాయడంలో 5.5, మాట్లాడడంలో 5 వచ్చాయనుకుందాం. మొత్తం 25, సగటు 6.25. అది 6.5కి ఎక్కుతుంది. రాయడంలో 5 మాత్రమే వచ్చుంటే? సగటు 6.125, అది 6కి దిగుతుంది. ఒక్క విభాగంలో అర బ్యాండ్ పోతే మొత్తం మీదా అర బ్యాండ్ పోయింది! కాగితం మీద వేసి చూపిస్తే జనం కళ్లు విప్పార్చుకుని చూస్తారు. మాట్లాడడంలో 5 వచ్చిన సంగతి 6.5 వెనక దాక్కుందని కూడా అప్పుడే చెప్పండి.

4. "కొలతలో దోషం" అనే మాట వాడకండి. గణాంకాలవాళ్లకు అది మామూలు మాటే గానీ, వినేవాళ్లు ఎవరో పేపరు తప్పుగా దిద్దారనుకుంటారు. "అదే మనిషి వచ్చేవారం రాస్తే కాస్త అటూఇటూ రావచ్చు" అనండి. ప్రశ్నలు మారతాయి, ఆ రోజు నిద్ర సరిపోదు, దిద్దేవాళ్లు మారతారు.

5. భయాన్ని చులకన చేయకండి. బైబిల్లో ఒక కథ ఉంది: యొర్దాను నది రేవుల దగ్గర శత్రువులను గుర్తుపట్టడానికి "షిబ్బోలెతు" అనమంటే "సిబ్బోలెతు" అన్నవాళ్లను చంపేశారు. ఒక్క అక్షరం పలకడమే పరీక్ష! ఇప్పుడు ప్రాణాలు పోవు గానీ, చదువో ఉద్యోగమో వీసానో ఆగిపోవచ్చు. కోపంగా అడిగేవాళ్లకు ముందు ఆ మాట ఒప్పుకుని, తర్వాత వివరించండి.

6. చివర్లో "ఇప్పుడు మీరు ఇంట్లో ఏమని చెప్తారు?" అని అడగండి. "పాసయ్యాడని" అంటే మళ్లీ మొదటి మెట్టు దగ్గరికి రండి.