గ్రీసు తీరంలోని దీపస్తంభం చరిత్రను పరిశోధించే పద్ధతి

గ్రీసులో ఒక దీపస్తంభం చరిత్ర తెలుసుకోదలచినవారు నిర్మాణ సంవత్సరం కంటే ముందు, అది తొలిసారి వెలిగిన నాటికి ఆ తీరాన్ని ఎవరు పాలించారో తేల్చుకోవాలి. అయోనియన్ దీవులు 1864 వరకు బ్రిటిష్ రక్షణలో, డోడెకనీస్ దీవులు 1912 నుంచి దశాబ్దాలపాటు ఇటలీ అధీనంలో ఉన్నందున, పాత పత్రాలు గ్రీకులోనే ఉంటాయని అనుకోకూడదు.

తరువాత కట్టడాన్ని పొరలుగా చదవాలి. నా దృష్టిలో అసలు ఆనందం ఇక్కడే ఉంది. క్రీట్ దీవిలోని హనియా రేవు దీపస్తంభాన్ని వెనిస్ పాలకులు పదహారో శతాబ్దం చివర్లో నిర్మించగా, 1830లలో ఈజిప్టు పాలనలో అది మినారును తలపించే నేటి రూపంలో పునర్నిర్మితమైంది కాబట్టి, దానికి ఒకే సంవత్సరం రాస్తే సగం చరిత్ర చెరిగిపోతుంది. అందుకే పునాది, గోపురం, దీపపు గది ఏ కాలానివో విడివిడిగా నమోదు చేయాలి. అయోనియన్ దీవుల్లో ఒకటైన కెఫలోనియాలోని అర్గోస్తోలి పట్టణం వద్ద 1828లో కట్టిన గుండ్రని స్తంభాల దీపగృహం 1953 భూకంపంలో కూలిపోయింది; నేడు కనిపించేది తరువాత తిరిగి కట్టినది. రెండో ప్రపంచ యుద్ధంలో జరిగిన నష్టాన్ని కూడా తప్పక పరిశీలించాలి.

తేదీల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. గ్రీసు 1923 వరకు, నేటి గ్రెగోరియన్ పంచాంగం కంటే వెనుకబడి ఉండే పాత జూలియన్ పంచాంగాన్నే పాటించినందున, పందొమ్మిదో శతాబ్దపు గ్రీకు పత్రంలోని తేదీకి పన్నెండు రోజులు కలిపాకే ఇతర యూరోపియన్ పత్రాలతో పోల్చాలి.

దీపాల నిర్వహణ గ్రీకు నౌకాదళపు దీపస్తంభ విభాగానిది కాబట్టి, వెలుగు రంగు, మెరుపుల వ్యవధి, దీపం ఎత్తు వంటి వివరాలను అక్కడి నుంచే సేకరించాలి.