గోల్స్ కొట్టే కాళ్లు అలసిపోయాక: ఫార్వర్డ్ కోచ్‌గా మారడం ఎలా

ఒడిశాలో మన గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ముప్పై దగ్గరపడుతున్న ఫుట్‌బాల్ ఫార్వర్డ్‌లు, అంటే ముందు ఆడి గోల్స్ కొట్టేవాళ్లు, కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు. "అన్నా, మోకాలు పట్టేస్తోంది, గెలిస్తే మేకపోతు ఇచ్చే ఈ టోర్నమెంట్లు ఇంకెన్నాళ్లు ఆడతాం, కోచ్ అవ్వాలంటే ఏం చెయ్యాలి?" అని. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. నేను వంశధార ఇసుకలో ఆట నేర్చుకుని, పదకొండేళ్లు 9వ నంబర్ చొక్కా వేసుకుని ఆడి, కోచ్‌లకిచ్చే మొదటి మెట్టు డి లైసెన్సు తీసుకుని ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకు నేర్పుతున్నాను. నాకు తెలిసినంత వరకే చెప్తాను.

మొట్టమొదటి మాట. బూట్లు విప్పేశాక మొదలుపెడదాం అనుకోకు, ఆడుతూ ఉండగానే మొదలుపెట్టు. ఆదివారం మ్యాచ్ ఉందనుకో, శనివారం మీ వీధి పిల్లలు పదిమందిని పోగుచేసి గంట సేపు ఆడించు. జట్టులో ఉన్నన్నాళ్లూ గ్రౌండ్ దొరుకుతుంది, పాత బంతులు దొరుకుతాయి, నీ మాట వినే కుర్రాళ్లు దొరుకుతారు. ఆట మానేసిన రెండేళ్లకు వెళ్లి అడిగితే ఇవేవీ అంత తేలిగ్గా రావు. ఇంకోటి, జట్టులో ఎవరూ ఒప్పుకోని చిన్న పని ఏదుందో చూడు. వార్మప్ చేయించడం, కోన్లు పరచడం, దెబ్బ తగిలినవాడికి ఐస్ పెట్టడం, ఎవరు ఎంత పరిగెత్తారో రాయడం, ఇలాంటిదేదైనా తీసుకో. దారి అక్కడే ఉంది.

ఇలా అనడానికి నాకో మనిషి కారణం. పాల్ వార్న్ అని, ఇంగ్లండ్‌లో కింది డివిజన్లలో ఆడిన ఫార్వర్డ్. నార్విచ్‌లో పుట్టాడు. 1997లో, అప్పటికే ఇరవై నాలుగేళ్లు వచ్చాక, రాక్సమ్ అనే చిన్న ఊరి జట్టు నుంచి విగాన్‌కు వెళ్లి ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ వయసుకి మన దగ్గర చాలామంది "ఇంక మనకెక్కడ వస్తుందిలే" అని వదిలేస్తారు. తర్వాత రోథరమ్‌లో చేరి 2000లో, 2001లో వరసగా రెండుసార్లు పై డివిజన్‌కు ఎక్కిన జట్టులో ఆడాడు. గోల్స్ కుప్పలుగా కొట్టే రకం కాదు, పరుగుకే అతనికి పేరు. 2012లో ఆడటం ఆపాక అదే క్లబ్బులో ఫిట్‌నెస్ కోచ్ అయ్యాడు. గమనించు, హెడ్ కోచ్ కాదు, అసిస్టెంట్ కూడా కాదు. ఆటగాళ్లను పరిగెత్తించే మనిషి, అంతే. నాలుగేళ్లు అదే పని చేశాడు. 2016 చివర్లో ఆ క్లబ్బు మేనేజర్ (అక్కడ హెడ్ కోచ్‌ని అలా అంటారు) వచ్చిన 39 రోజులకే వెళ్లిపోతే, తాత్కాలికంగా చూసుకో అని ఇతనికి అప్పగించారు. ఆ సీజన్‌లో జట్టు కిందికి పడిపోయింది. అయినా అతన్నే ఉంచారు.

ఆ తర్వాత జరిగింది నేను మా పిల్లలకు నేల మీద పుల్లతో గీసి చూపిస్తాను. 2017లో కిందికి, 2018లో పైకి, 2019లో కిందికి, 2020లో పైకి, 2021లో కిందికి, 2022లో మళ్లీ పైకి. 2021లోనైతే సీజన్ చివరి రోజు కార్డిఫ్‌లో గెలుపు చేతిలో ఉండగా ఆఖరి నిమిషాల్లో గోల్ పడి 1-1 అయ్యి డివిజన్ పోయింది. మరుసటి ఏడాది పైకి ఎక్కడమే కాదు, లండన్ వెంబ్లీ స్టేడియంలో కింది డివిజన్ల జట్లకు పెట్టే ఈఎఫ్ఎల్ ట్రోఫీ కూడా గెలిచారు. తర్వాత డెర్బీ క్లబ్బుకి వెళ్లి 2024లో దాన్నీ లీగ్ వన్ (అక్కడ మూడో డివిజన్) నుంచి పైకి తెచ్చాడు. రోథరమ్‌లోనూ డెర్బీలోనూ పక్కన అసిస్టెంట్‌గా ఉన్న రిచీ బార్కర్ కూడా ఫార్వర్డే, ఇద్దరూ ఒకప్పుడు రోథరమ్‌లో కలిసి ఆడినవాళ్లే. అందుకే చెప్తున్నా, ఇప్పుడు నీ పక్కన ఆడుతున్నవాడితో గొడవ పెట్టుకుని మాటలు మానేయకు, రేపు బెంచ్ మీద నీ పక్కన కూర్చోవలసినవాడు అతనే కావచ్చు.

ఇప్పుడు అసలు కష్టం గురించి. ఫార్వర్డ్‌గా ఆడినవాడికి కోచ్ పనిలో అడ్డం వచ్చేది అతని కన్నే. పదేళ్లు మనం గోల్‌పోస్ట్ వైపే చూస్తూ బతికాం. మన వెనక నలుగురు డిఫెండర్లు ఎలా నిలబడుతున్నారో, గోలీ ఎవర్ని పిలుస్తున్నాడో, మిడ్‌ఫీల్డర్ ఎందుకు ఆలస్యంగా పాస్ ఇచ్చాడో మనం ఎప్పుడూ చూడలేదు. బంతి రాలేదని చేతులు పైకెత్తి అరిచాం, అంతే. కోచ్‌గా నా మొదటి టోర్నమెంట్‌కి రెండు నెలలు పిల్లలకు షూటింగ్ ఒక్కటే నేర్పాను, ఎందుకంటే నాకు బాగా వచ్చింది అదే. మొదటి మ్యాచ్‌లోనే 5-0తో పోయాం. అందులో మూడు గోల్స్ కార్నర్ల మీద పడ్డాయి. కార్నర్ వచ్చినప్పుడు ఎవరు ఎవర్ని పట్టుకోవాలో మా పిల్లల్లో ఒక్కడికీ తెలీదు, ఎందుకంటే నేను చెప్పలేదు, నాకే తెలీదు. తిరుగు ప్రయాణంలో ఆటోలో ఒక్కరూ మాట్లాడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వెనక ఆడేవాళ్లను చూడటం ఎందుకు ముఖ్యమో విను. 2018లో వార్న్ జట్టు వెంబ్లీలో, పై డివిజన్‌కు ఎవరు ఎక్కాలో తేల్చే ప్లేఆఫ్ ఫైనల్ ఆడి ష్రూస్‌బరీని 2-1తో ఓడించింది, ఎక్స్‌ట్రా టైమ్‌లో. ఆ రెండు గోల్స్ కొట్టింది ఫార్వర్డ్ కాదు, సెంటర్ బ్యాక్ రిచర్డ్ వుడ్. ఫార్వర్డ్‌గా పెరిగిన కోచ్‌కి అతి పెద్ద మ్యాచ్ గెలిపించింది డిఫెండర్. అప్పటి భారత జట్టు కోచ్, మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు దీన్ని ఎప్పుడో చేసి చూపించారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను తీసుకెళ్లి ముందు ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద జర్నైల్ గోల్ కొట్టాడు, బంగారు పతకం మనకొచ్చింది. జట్టులో ప్రతి ఒక్కడినీ చూసే కన్ను ఉంటే తప్ప ఆ ఆలోచన రాదు.

ఆ కన్ను తెచ్చుకోవడానికి నేను చేసింది ఇది, నువ్వూ చెయ్యి. నెల రోజుల పాటు మ్యాచ్‌లో బంతిని చూడటం మానెయ్. గోల్‌పోస్ట్ వెనక నిలబడు, లేదా గ్రౌండ్ పక్కన చెరువు గట్టు ఉంటే దాని మీద ఎక్కు, ఫోన్‌తో వెనక నలుగురినే వీడియో తియ్యి. మొదటి రోజు విసుగొస్తుంది. మూడో మ్యాచ్‌కల్లా ఎడమ బ్యాక్ ఎప్పుడూ రెండడుగులు ముందుకు జరుగుతున్నాడనీ, ఆ ఖాళీలోంచే గోల్స్ పడుతున్నాయనీ నీకే కనిపిస్తుంది. మీ జట్టు డిఫెండర్‌ని పిలిచి టీ తాగించి, నేను ఆడేటప్పుడు నీకు ఎక్కడ ఇబ్బంది పెట్టేవాణ్ణి అని అడుగు. నాకు ఆ అరగంటలో వచ్చినంత చదువు ఇంకెక్కడా రాలేదు.

ఇక మొదటి ప్రాక్టీస్ రోజు. పదహారు మంది పిల్లలు, మూడు బంతులు ఉన్నాయనుకుందాం. కోన్లు లేకపోతే ఇటుక ముక్కలు వద్దు, పిల్లలు పడితే తల పగులుతుంది, చెప్పులూ సున్నం గీతలూ చాలు. పన్నెండేళ్ల లోపు వాళ్లకి 4వ సైజు బంతి వాడు, 5వ సైజు పెద్దవాళ్లకి. సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టు, ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పొద్దున్న ఆరింటికే. పావుగంటకోసారి నీళ్లు, అడగకపోయినా ఇవ్వు. మొదటి పది నిమిషాలు బంతితోనే కదలాలి, గ్రౌండ్ చుట్టూ ఉత్త పరుగు వద్దు. తర్వాత బయట నలుగురు పాస్‌లు ఇచ్చుకుంటుంటే మధ్యలో ఇద్దరు బంతి లాక్కునే ఆట ఓ పావుగంట. ఆ తర్వాత నీ పాఠం. చివరి అరగంట నాలుగు వర్సెస్ నాలుగు, పొడవు 30 మీటర్లు, వెడల్పు 20 ఉంటే సరిపోతుంది, రెండు ఆటలు పక్కపక్కనే నడుస్తాయి. లైన్లో నిలబడి వంతు కోసం చూసే పిల్లలు ముగ్గురికి మించితే నీ ప్లాన్ తప్పు, వెంటనే మార్చు. ఆట నడుస్తున్నప్పుడు మాటిమాటికీ విజిల్ ఊదకు. నువ్వే వెళ్లి కొట్టి చూపించాలన్న సరదా వస్తుంది, ఒక్కసారి చూపించు, తర్వాత పక్కకి రా. ఆడపిల్లలు వస్తే (మన వైపు సవర ఊళ్ల నుంచి చాలా బాగా ఆడే అమ్మాయిలు వస్తారు) గ్రౌండ్‌లో ఒక టీచరమ్మో ఎవరి అమ్మో తప్పకుండా ఉండేలా చూసుకో.

నీ పాఠం అంటే నువ్వు ఫార్వర్డ్‌గా సంపాదించింది. అది దాచుకోకు, కానీ ముక్కలు చేసి చెప్పు. "అక్కడికి వెళ్లాలని నాకు తెలిసిపోయేది" అంటే పిల్లాడికి ఏం అర్థమవుతుంది? క్రాస్ (పక్క నుంచి గోల్ ముందుకి కొట్టే బంతి) వచ్చే ముందు డిఫెండర్ భుజం వెనక్కి, అతనికి కనబడని వైపుకి జరగాలి. ముందు దూరం జరిగి, ఆఖరి క్షణంలో దగ్గర పోస్ట్ వైపు దూకాలి. బంతి అందుకునేటప్పుడు ఒళ్లు సగం గోల్ వైపు తిప్పి ఉంచాలి, అప్పుడు మొదటి టచ్‌లోనే తిరగొచ్చు. పక్క నుంచి కొట్టేటప్పుడు దూరపు పోస్ట్ వైపు నేల బారున కొడితే గోలీ ఆపినా బంతి మధ్యలోకే వస్తుంది, అక్కడ మనవాడు ఒకడు ఉండాలి. పెనాల్టీ స్పాట్ 11 మీటర్ల దూరం, గోల్ వెడల్పు 7.32 మీటర్లు. పిల్లల చేత అడుగులతో కొలిపించు, ఎంత చోటు ఉందో వాళ్ల కాళ్లకే తెలుస్తుంది. వారానికి ఒక్క విషయమే చెప్పు.

భాష సంగతి మన దగ్గర చిన్నది కాదు. ఒకే గ్రౌండ్‌లో తెలుగు, ఒడియా, సవర, కుయి మాట్లాడే పిల్లలుంటారు. ఇంట్లో మాట్లాడే భాషలో చెప్తేనే పిల్లాడు తల ఎత్తి చూస్తాడు. ప్రతి భాషలో ఒక ఐదారు మాటలు నేర్చుకో, ముందుకు, వెనక్కి, ఎడమ, కుడి, ఇవ్వు, వదులు. ఒడియాలో "ఆగకు" అంటే ముందుకు అని, మన తెలుగులో ఆగొద్దని. నేను ఆ ఒక్క మాట అరిస్తే ఎవరికి ఏ భాషలో వినబడినా అందరూ ముందుకే పరిగెత్తుతారు.

లైసెన్సు విషయానికొస్తే, మన దేశంలో మెట్లు డి, సి, బి, ఎ, ప్రో. ఇంగ్లండ్‌లో అయితే యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుఈఎఫ్ఏ ఇచ్చే సి, బి, ఎ, ప్రో. మన దేశపు పెద్ద లీగ్ ఐఎస్ఎల్‌లో హెడ్ కోచ్ అవ్వాలంటే ప్రో కావాలి, దాని గురించి ఇప్పుడు టెన్షన్ వద్దు, ముందు డి. మన జిల్లా ఫుట్‌బాల్ సంఘం వాళ్లని అడుగుతూ ఉండు, ఒడిశా ఫుట్‌బాల్ సంఘం కోర్సు పెడుతుందని తెలిస్తే ఆలస్యం చెయ్యకు. భువనేశ్వరో కటకమో పడితే ప్రయాణం, బస, ఫీజు అన్నీ కలిపి ఖర్చు అవుతుంది, ముందే కొంచెం కొంచెం దాచుకో. కోర్సులో నీ చేత కూడా ఒక సెషన్ చేయిస్తారు, ఇంట్లో పిల్లలతో నాలుగుసార్లు చేసి వెళ్తే చెయ్యి వణకదు. ఉన్న ఉద్యోగం మాత్రం వదలకు. డిగ్రీ ఉంటే బీపీఈడీ (వ్యాయామ విద్య కోర్సు) చెయ్యి, స్కూల్లో పీఈటీ ఉద్యోగానికి పనికొస్తుంది. రహీమ్ గారు కూడా బడిపంతులే.

ఓడిపోయిన రోజు ఏం చెయ్యాలో ముందే అనుకుని ఉండు. నేను ఇప్పుడు మ్యాచ్ అయిన వెంటనే ఎవర్నీ తిట్టను, పొగడను, అందరికీ అరటిపండ్లు పంచి ఇంటికి పంపేస్తాను. మంగళవారం నోట్‌బుక్ తీసి, పడిన ప్రతి గోల్ ఎక్కడ మొదలైందో పిల్లల చేతే చెప్పిస్తాను. గోల్ దగ్గర కాదు, దానికి మూడు పాస్‌ల ముందు నుంచి.

గుణుపురం చుట్టుపక్కల ఉన్నవాళ్లు శనివారం సాయంత్రం నాలుగుంబావుకి గ్రౌండ్‌కి రండి. పిల్లలు ఇరవై ఎనిమిది మంది అయ్యారు, కోన్లు పరచడానికి నాకు ఒక మనిషి కావాలి.