జెట్ మోడల్‌కి రంగు కలిపే ముందు సంవత్సరం తేల్చుకోండి
యుద్ధవిమానం మోడల్‌కి అసలు రంగులు వెతికేటప్పుడు ఒక్క విమానాన్ని, ఒక్క సంవత్సరాన్ని ఎంచుకోండి. తోకమీది నంబరు పట్టుకుని ఆ కాలపు ఫొటోలే చూడండి. అమెరికా నేవీ ఎఫ్-14లు 1970ల్లో పైన మెరిసే లేత బూడిద, కింద తెలుపుతో ఉండేవి. తర్వాత మెరుపులేని బూడిద ఛాయల్లోకి మారిపోయాయి. రెండిట్నీ కలిపేస్తే అలాంటి విమానం ఎప్పుడూ ఎగరనట్టే.

ఛాయ మాత్రం ఫొటో చూసి నిర్ణయించొద్దు. పాత ఫిల్మ్ రంగు మారుతుంది, ఒక్కో స్క్రీన్ ఒక్కోలా చూపిస్తుంది. ఫొటోలో చూడాల్సింది రంగుల హద్దులు, గుర్తులు ఉన్న చోటు, ఎండకి వెలిసిన తీరు. ఛాయ కోసం, అమెరికన్ విమానమైతే, ఫెడరల్ స్టాండర్డ్ 595 అనే అమెరికా ప్రభుత్వ రంగుల పట్టికలోని నంబర్లు వెతకండి. ఐదంకెల్లో మొదటిది మెరుపు సంగతి చెబుతుంది: 1 నిగనిగ, 2 సగం మెరుపు, 3 మ్యాట్. రెండోది రంగు కుటుంబం, 6 అంటే బూడిద. ఎఫ్-16 మీద బాగా కనిపించే మూడు బూడిదలు 36118, 36270, 36375. రంగు డబ్బా మీది పేరుకన్నా ఈ నంబరే నాకు నమ్మకం.

మ్యూజియంలో నిలబెట్టిన విమానాలతో జాగ్రత్త, చాలావాటికి తర్వాతెప్పుడో మళ్లీ రంగు వేసి ఉంటారు.